కోడెదూడ డీఎన్‌ఏ చూసి దానికి పుట్టే ఆవులు ఎన్ని పాలిస్తాయో చెప్పొచ్చా? ఆ అంచనాను ఎంతవరకు నమ్మొచ్చు?

సింహాద్రి అప్పన్నకు కోడెదూడను మొక్కుగా సమర్పించడం విశాఖవాసులకు తెలిసిన ఆచారమే. కానీ పాడి మీద బతికే ఇంట్లో మగదూడ పుడితే వచ్చే ఆదాయం అంతంతమాత్రం. ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి కూడా దాని అవసరం తగ్గిపోయింది.

అయితే అలాంటి మగదూడల్లో ఏ ఒక్కదాన్నో ఎంచి ఘనీకృత వీర్య కేంద్రానికి తీసుకెళ్తారు. అక్కడ పెరిగిన ఆంబోతు నుంచి ఏడాదికి వేల డోసుల వీర్యం సేకరిస్తారు. అవి ఊరూరా తిరిగి, వేల కొట్టాల్లో పెయ్యదూడలుగా పుడతాయి. ఎంపిక సరైనదైతే ఆ ఇళ్లన్నింటిలో పాలు పెరుగుతాయి. తప్పితే ఆ నష్టం కూడా అన్ని ఇళ్లకూ చేరుతుంది.

చిక్కు ఏంటంటే, ఆంబోతు పాలివ్వదు. దానికి పుట్టే ఆడపిల్లలు ఎన్ని పాలిస్తాయో దాన్ని చూసి చెప్పలేం. మరి ఏడాది కూడా నిండని దూడను దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ఈ ప్రశ్నకు డీఎన్‌ఏ పరీక్షతో సమాధానం చెప్పొచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు. 2024 అక్టోబర్ 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ఆవుల కోసం ‘గౌచిప్’, గేదెల కోసం ‘మహిష్‌చిప్’ అనే జన్యు చిప్‌లను విడుదల చేశారు. వాటితో వచ్చే అంచనా ఎంత నమ్మదగినది? అది దేని మీద ఆధారపడి ఉంటుంది?

రైతు ఇంటికి వచ్చే స్ట్రాలో ఏముంటుంది?

ఆవుగానీ గేదెగానీ ఎదకు వచ్చిందని కబురు పెడితే గోపాలమిత్రో, పశుసంవర్ధక సహాయకుడో వచ్చి ‘సూది వేయడం’ పల్లెల్లో మామూలే. ఆ కృత్రిమ గర్భధారణకు వాడేది సన్నటి ప్లాస్టిక్ గొట్టం. దీన్నే స్ట్రా అంటారు. అందులో ఉండేది పావు మిల్లీలీటరు వీర్యం. దాన్ని మైనస్ 196 డిగ్రీల వద్ద ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచుతారు.

రాష్ట్రంలో ఈ బాధ్యత ఆంధ్రప్రదేశ్ పశుగణాభివృద్ధి సంస్థది. విశాఖపట్నం, నంద్యాలలో ఆ సంస్థకు వీర్య కేంద్రాలు ఉన్నాయి. భీమిలి, ఆనందపురం, పద్మనాభం వైపు, అలాగే 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని చోడవరం, మాడుగుల వైపు పాడి రైతుల పెరళ్లలో ఎక్కువగా కనిపించేవి ముర్రా జాతి కలిసిన గేదెలు, జెర్సీ సంకర ఆవులు. నగరంలో పొద్దున్నే గుమ్మం ముందు పడే పాల ప్యాకెట్ ఇలాంటి ఊళ్ల నుంచే మొదలవుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కేంద్ర ప్రభుత్వ కనీస ప్రమాణాల ప్రకారం ఒక్కో డోసులో 2 కోట్ల వీర్యకణాలు ఉండాలి. కరిగించాక వాటిలో కనీసం సగం చురుగ్గా కదలాలి. ఆంబోతుకు క్షయ, బ్రూసెల్లోసిస్ లాంటి రోగాలు ఉండకూడదు. ఇవన్నీ వీర్యం నాణ్యతకు సంబంధించిన పరీక్షలు. చూలు నిలవడానికీ, రోగాలు వ్యాపించకుండా ఉండటానికీ ఇవి ముఖ్యం.

కానీ పుట్టిన పెయ్య పెద్దదై ఎన్ని పాలిస్తుందన్నది వేరే ప్రశ్న. వీర్యం మొదటి రకమైనా, జన్యుపరంగా ఆ ఆంబోతు సాధారణమైనదే కావొచ్చు.

రైతుకు ఇది ఎందుకంత ముఖ్యం?

ఈ రోజు ఆవుకు సూది వేయిస్తే దూడ పుట్టడానికి తొమ్మిది నెలలు, గేదెకైతే పది నెలలకు పైనే పడుతుంది. ఆ పెయ్య ఎదిగి, చూలు కట్టి, మొదటి ఈత ఈనడానికి సంకర ఆవుల్లో దాదాపు మూడేళ్లు, గేదెల్లో మూడున్నర నుంచి నాలుగేళ్లు.

అంటే ఈ రోజు వాడిన స్ట్రా మంచిదో కాదో రైతుకు తెలిసేది దాదాపు నాలుగైదేళ్ల తర్వాత. అప్పటికే మేతకు, దాణాకు, మందులకు పెట్టాల్సిందంతా పెట్టేసి ఉంటాడు. తప్పు జరిగితే దిద్దుకోవడానికి మళ్లీ అన్నేళ్లు ఆగాలి. అందుకే ఎంపిక దశలో వేసే అంచనాకు అంత విలువ.

పాత పద్ధతులు ఏంటి?

మొదటిది వంశం చూడటం. తల్లి ఈతకు ఎన్ని పాలిచ్చింది, తండ్రి కూతుళ్లు ఎన్నిచ్చాయి అన్నవి చూసి దూడను ఎంచుకుంటారు.

దీనికి ఒక పరిమితి ఉంది. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ముల్లో ఒకరు పొడుగు, ఒకరు పొట్టి కావడం మనకు తెలుసు. తల్లి జన్యువుల్లో ఏ సగం, తండ్రి జన్యువుల్లో ఏ సగం దూడకు వచ్చాయన్నది వంశం చూస్తే తెలియదు. అందుకే తల్లిదండ్రుల గురించి సర్వం తెలిసినా, ఈ అంచనా విశ్వసనీయత 50 శాతం దాటదు. ఆచరణలో 30 నుంచి 40 శాతం మధ్య ఉంటుంది.

రెండోది సంతాన పరీక్ష. కుర్ర ఆంబోతు వీర్యాన్ని కొన్ని ఊళ్లలో వాడి, పుట్టిన కూతుళ్లు పెరిగి ఈనాక వాటి పాలను కొలుస్తారు. ఎన్ని కూతుళ్లను కొలిస్తే అంత నమ్మకం. పాల దిగుబడిలో పశువుకూ పశువుకూ ఉండే తేడాల్లో పావు వంతు జన్యువుల వల్లేననుకుంటే, లెక్క ఇలా వస్తుంది: 10 మంది కూతుళ్ల పాలు కొలిస్తే విశ్వసనీయత 40 శాతం. 35 మందికి 70 శాతం. 100 మందికి 87 శాతం.

ఇది గట్టి పద్ధతి. కానీ ఆంబోతు పుట్టినప్పటి నుంచి ఫలితం వచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. గేదెల్లో ఇంకా ఎక్కువ. అప్పటిదాకా ఆంబోతును మేపాలి, వీర్యాన్ని దాచాలి, వందల ఇళ్లకు తిరిగి పాలు కొలవాలి. పశువును రైతు మధ్యలో అమ్మేస్తే ఆ లెక్క పోయినట్లే.

డీఎన్‌ఏ అంచనా ఎలా వేస్తారు?

ఆవు డీఎన్‌ఏలో సుమారు 270 కోట్ల అక్షరాలు ఉంటాయి. వాటన్నింటినీ చదవాల్సిన అవసరం లేదు. పశువుకూ పశువుకూ తేడా కనిపించే కొన్ని వేల చోట్లను మాత్రమే చిప్ చదువుతుంది. వెంట్రుక కుదురో, చెవి ముక్కో, కొద్దిగా రక్తమో ఉంటే చాలు.

అయితే చిప్ తనంతట తాను ఏమీ చెప్పదు. ముందుగా కొన్ని వేల పశువుల డీఎన్‌ఏ చదివి, వాటి పాలను లేదా వాటి కూతుళ్ల పాలను కొలిచి, ఏ గుర్తు ఉన్నచోట ఎంత తేడా వస్తోందో లెక్కగట్టాలి. ఆ పశువులను ఆధార సమూహం అనుకుందాం. కొత్త దూడ డీఎన్‌ఏను ఆ లెక్కతో పోల్చి చూసినప్పుడే అంచనా వస్తుంది.

మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2001లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 2009 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ హోల్‌స్టీన్, జెర్సీ జాతులకు అధికారికంగా జన్యు అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడే ఫ్రెడ్డీ అనే హోల్‌స్టీన్ ఆంబోతు జాబితాలో పైకి వచ్చింది. అప్పటికి దాని కూతుళ్ల పాల లెక్క ఒక్కటి కూడా లేదు. తర్వాత కూతుళ్లు ఈని పాలివ్వడం మొదలుపెట్టాక, అంచనా నిలబడింది.

ఒక్క ఫ్రెడ్డీ నెగ్గినంత మాత్రాన పద్ధతి నెగ్గినట్లు కాదు. వందల ఆంబోతుల అంచనాలను తర్వాత వచ్చిన అసలు లెక్కలతో పోల్చి చూశారు. హోల్‌స్టీన్లలో పాల దిగుబడికి ఈ అంచనాల విశ్వసనీయత 70 శాతం, ఆపైన ఉంటోంది. అంటే 35 మంది కూతుళ్ల పాలు కొలిస్తే ఎంత తెలుస్తుందో, దాదాపు అంత సమాచారం దూడగా ఉన్నప్పుడే దొరుకుతోంది. మిగిలేది ఐదారేళ్ల కాలం. ఈ పద్ధతి అసలు లాభం అదే.

70 శాతం అంటే ఏంటి? ఏది కాదు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ముందు ఏది కాదో చూద్దాం.

చూలు నిలిచే అవకాశం 70 శాతమని కాదు. పెయ్యదూడ పుట్టే అవకాశం అని కూడా కాదు. అది లింగ నిర్ధారిత వీర్యం సంగతి. అందులో ఆడదూడ పుట్టే అవకాశం 90 శాతం వరకు ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు సాంకేతికతలు. 100 ఆంబోతుల్లో 70 మంచివని, 30 చెడ్డవని కూడా దీని అర్థం కాదు.

విశ్వసనీయత అనేది అంచనా చుట్టూ ఉండే అనిశ్చితికి కొలత. ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. ఒక ఆంబోతు కూతుళ్లు సగటున ఈతకు 300 లీటర్లు ఎక్కువ ఇస్తాయని అంచనా వచ్చిందనుకోండి. ఆ జాతిలో ఆంబోతుకూ ఆంబోతుకూ మధ్య తేడా, గణాంకాల భాషలో చెప్పే ప్రామాణిక విచలనం, 200 లీటర్లు అనుకుందాం.

వంశం చూసి వేసిన అంచనా అయితే, విశ్వసనీయత 35 శాతం. అసలు విలువ దాదాపు సున్నా నుంచి 600 లీటర్ల పైచిలుకు వరకు ఎక్కడైనా ఉండొచ్చు.

డీఎన్‌ఏ అంచనా అయితే, విశ్వసనీయత 70 శాతం. అసలు విలువ 85 నుంచి 515 లీటర్ల మధ్య ఉండొచ్చు.

చాలామంది కూతుళ్లతో పరీక్షించిన ఆంబోతు అయితే, విశ్వసనీయత 90 శాతం. అసలు విలువ 175 నుంచి 425 లీటర్ల మధ్య ఉండొచ్చు.

మూడు చోట్లా 100లో 95 సార్లు ఈ హద్దుల్లోనే ఉంటుందని లెక్క. 70 శాతం దగ్గర ఆ ఆంబోతు సగటు కంటే మెరుగైనదని దాదాపు నమ్మకంగా చెప్పొచ్చు. ఎంత మెరుగైనదో మాత్రం కచ్చితంగా చెప్పలేం.

పైగా ఇదంతా కూతుళ్ల సగటు. మీ ఇంట్లో పుట్టిన ఒక్క పెయ్య సంగతి వేరు. దానికి సగం జన్యువులు తల్లివి. మేత, నీళ్లు, ఎండ, రోగాల ప్రభావం వాటికి అదనం. అత్యుత్తమ ఆంబోతుకు కూడా సగటు కంటే తక్కువ పాలిచ్చే కూతుళ్లు కొన్ని ఉంటాయి.

అమెరికాలో వచ్చే 70 శాతం మనకూ వర్తిస్తుందా?

నేరుగా వర్తించదు. ఈ కథనంలో గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇదే.

విశ్వసనీయత చిప్‌లో ఉండదు, ఆధార సమూహంలో ఉంటుంది. అమెరికా హోల్‌స్టీన్ల వెనుక కూతుళ్ల పాల లెక్కలున్న ఆంబోతులు వేల సంఖ్యలో ఉన్నాయి. దశాబ్దాల పాటు ప్రతి నెలా పాలు కొలిచి రాసిన పుస్తకాలున్నాయి. ఆ లెక్కను తెచ్చి మన ముర్రా గేదెకో, ఒంగోలు ఆవుకో వేస్తే పనికిరాదు. జాతి మారితే గుర్తుల అర్థం మారుతుంది. సంకర ఆవుల్లో రెండు జాతుల జన్యువులు కలిసి ఉంటాయి కాబట్టి లెక్క ఇంకా చిక్కు.

అందుకే మన పశువులకు తగ్గ చిప్‌లు అవసరమయ్యాయి. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఆవులకు ‘ఇండస్‌చిప్’, గేదెలకు ‘బఫ్‌చిప్’ తయారుచేసింది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన ‘ఇండిగౌ’ చిప్ 2021 ఆగస్టులో విడుదలైంది. గిర్, కాంక్రెజ్, సాహివాల్‌తో పాటు మన ఒంగోలు లాంటి దేశీ జాతులు దాని లక్ష్యం.

చిప్ వచ్చింది. ఇక కావాల్సింది పాల లెక్కలు. అసలు కష్టం అక్కడే ఉంది.

అమెరికాలో ఒకే కొట్టంలో వందల ఆవులుంటాయి. ఒకే మేత, ఒకే నీడ. తేడా కనిపిస్తే అది జన్యువులదని చెప్పడం తేలిక. మన దగ్గర ఒక్కో ఇంట్లో ఉండేవి రెండు, మూడు పశువులు. ఒకరు దాణా పెడతారు, ఇంకొకరు గడ్డితో సరిపెడతారు. ఒకరికి బోరు ఉంది, ఇంకొకరికి లేదు. ఆ తేడాలను విడదీయాలంటే, ఒకే ఊళ్లో ఒకే కాలంలో ఈనిన చాలా పశువుల పాలను, ఈత పొడుగునా నెలనెలా కొలవాలి. కొలతలు తక్కువైనా, తప్పైనా, ఎంత ఖరీదైన చిప్ వాడినా అంచనా బలహీనమే.

వాతావరణమూ ముఖ్యమే. చల్లటి చోట పాల దిగుబడిలో ముందున్న ఆంబోతు కూతుళ్లు, విశాఖ మే నెల ఉక్కపోతలో అదే వరుసలో నిలవాలని లేదు.

పశువును ఏ పని కోసం పెంచుతున్నారన్నదీ చూడాలి. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి ‘నెలోర్’ అయింది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్మకాన్ని బట్టి దాని విలువ సుమారు 43 లక్షల డాలర్లని తేలింది. ఆ వార్త మన ఫోన్లలోనూ బాగా తిరిగింది. కానీ అక్కడ నెలోర్‌ను పెంచేది ప్రధానంగా మాంసం కోసం. అక్కడి అంచనాలు ఒంగోలు ఆవు పాల గురించి మనకు ఏమీ చెప్పవు.

అన్ని గుణాలకూ ఒకే విశ్వసనీయత ఉంటుందా?

ఉండదు. పాల దిగుబడిలో జన్యువుల వాటా దాదాపు పావు వంతు. వెన్న శాతంలో అంతకంటే ఎక్కువ. కానీ సమయానికి ఎదకు రావడం, చూలు నిలవడం లాంటి వాటిలో జన్యువుల వాటా 5 శాతం లోపే. మిగతాదంతా పోషణ, యాజమాన్యం. జన్యువుల వాటా తగ్గినకొద్దీ అంచనాకు మరిన్ని లెక్కలు కావాలి. అందువల్ల ఒకే ఆంబోతుకు పాల విషయంలో ఒక విశ్వసనీయత, సంతానోత్పత్తి విషయంలో దాని కంటే తక్కువ విశ్వసనీయత ఉంటాయి.

మరో విషయం. జాబితాలో అన్నిటికంటే పైనున్న కుర్ర ఆంబోతు విలువ తర్వాత కొంత తగ్గడం మామూలే. అంచనాలో పొరపాటు కలిసొచ్చి పైకి ఎగబాకినవి కూడా ఆ జాబితాలో ఉంటాయి. అమెరికాలో తొలినాళ్లలో కుర్ర ఆంబోతుల అంచనాలు కాస్త ఎక్కువగా వచ్చేవి. ఆ తర్వాత లెక్కల పద్ధతిని సవరించారు.

పాల అంకె బాగున్నా దెబ్బతినే ప్రమాదం ఉందా?

ఉంది. దీనికి పెద్ద ఉదాహరణ 1962లో పుట్టిన అమెరికా హోల్‌స్టీన్ ఆంబోతు ‘చీఫ్’. దానికి 16,000 మంది కూతుళ్లు. పాలలో అది గొప్పదే. కానీ దాని జన్యువుల్లో దాగి ఉన్న ఒక లోపం, తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తే పిండం కడుపులోనే చనిపోతుంది. దీనివల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల గర్భస్రావాలు జరిగాయని, 42 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పాలు పెరిగి వచ్చిన లాభం అంతకంటే చాలా ఎక్కువని కూడా వాళ్లే చెప్పారు.

ఆ లోపాన్ని పట్టుకున్నది కూడా డీఎన్‌ఏ పరీక్షే. ఇలా ఇప్పటికే తెలిసిన లోపాలు ఉన్నాయో లేదో చెప్పడంలో డీఎన్‌ఏ పరీక్ష సమాధానం దాదాపు కచ్చితం. పాల అంచనాలో ఉన్నంత అనిశ్చితి అందులో ఉండదు.

మరి ఏం చేస్తే మంచిది?

ఒకే కుర్ర ఆంబోతు మీద ఆధారపడకపోవడం. పైన చూసిన ఉదాహరణలోనే, 70 శాతం విశ్వసనీయత ఉన్న ఐదు ఆంబోతుల వీర్యాన్ని ఊళ్లో పంచి వాడితే, ఆ గుంపు సగటు 200 నుంచి 400 లీటర్ల మధ్య ఉంటుంది. అంటే పరీక్షించిన ఒక్క ఆంబోతు ఇచ్చే భరోసా కంటే కొంచెం ఎక్కువే. ఒకటి రెండు అంచనా తప్పినా మిగతావి సర్దుకుంటాయి. దగ్గరి బంధుత్వం పెరగకుండా కూడా ఇది కాపాడుతుంది.

రెండోది, సంతాన పరీక్షలను ఆపకపోవడం. డీఎన్‌ఏ పద్ధతి వచ్చింది కదా, ఇక ఊళ్లలో పాలు కొలవడం ఎందుకు అనుకుంటే ఆధార సమూహం పాతబడుతుంది. కొన్ని తరాలు దాటేసరికి అంచనా బలం తగ్గుతుంది.

రైతులు ఏం అడగాలి?

మీరు నగరంలో ఉన్నా, ఊళ్లో అమ్మానాన్నలో, బంధువులో పాడి చేస్తుంటే ఈ నాలుగు విషయాలు వాళ్లకు చెప్పండి.

1. స్ట్రా మీద ఆంబోతు నంబరు, జాతి, వీర్య కేంద్రం గుర్తు ముద్రించి ఉంటాయి. సూది వేసేటప్పుడే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి.

2. ఆ ఆంబోతును దేని ఆధారంగా ఎంచారని అడగాలి. వంశం చూసా, డీఎన్‌ఏతోనా, కూతుళ్ల పాలు కొలిచా? అంచనా అంకెతో పాటు విశ్వసనీయత శాతం కూడా అడగాలి. రెండోది లేకుండా మొదటిదానికి అర్థం లేదు.

3. పెయ్య పెరిగాక, దాని తండ్రి వీర్యమే మళ్లీ దానికి వాడకుండా చూసుకోవాలి. మొదట తీసిన ఫొటో అప్పుడు పనికొస్తుంది.

4. పశువు చెవికి వేసే 12 అంకెల ట్యాగ్‌ను తీసేయొద్దు. సూది, చూలు, ఈత, పాలు అన్నీ ఆ నంబరు మీదే ‘భారత్ పశుధన్’లో నమోదవుతాయి. పాలు కొలవడానికి సిబ్బంది వస్తే ఉన్నది ఉన్నట్లు కొలవనివ్వాలి. ఎక్కువ చెప్పినా, తక్కువ చెప్పినా నష్టపోయేది తర్వాతి తరం పశువులే.

పశువుకు జబ్బు చేస్తే సంచార వైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు. కృత్రిమ గర్భధారణ వివరాలకు దగ్గర్లోని పశు వైద్యశాలలో గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ అడగాలి.

చివరగా, ప్రజాధనంతో నడిచే ఈ పథకాల గురించి వార్త చదివినప్పుడు ఎన్ని చిప్‌లు వచ్చాయన్న దానితో పాటు ఇంకొకటి కూడా చూడండి. ఎన్ని ఊళ్లలో, ఎన్ని పశువుల పాలను నెలనెలా కొలుస్తున్నారు? కుర్ర ఆంబోతు మీద వేసే అంచనాను ఎంత నమ్మొచ్చన్నది ఆ సంఖ్యను బట్టే ఉంటుంది.